కోతి నేర్పిన పాఠం

మేడ మీద వడియాలు ఎత్తుకెళ్లే కోతులను మన వరంగల్‌లో అందరం కసురుకుంటాం. కాని రీసస్ జాతి కోతికి ఎందరో తల్లులు రుణపడి ఉన్నారు. 1940లో లాండ్‌స్టీనర్, వీనర్ దాని రక్తకణాలతో చేసిన పరిశోధన వల్లే రక్తంలోని ఆర్‌హెచ్ గుణానికి ఆ పేరు వచ్చింది. అంతమాత్రాన మనది కోతి రక్తం కాదు. నెగెటివ్ అంటే జబ్బూ కాదు. అయితే తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే, తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు తర్వాతి బిడ్డ రక్తాన్ని పాడుచేయవచ్చు. కాన్పయినా, గర్భం పోయినా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజక్షన్ తీసుకుంటే ఈ ఆపద చాలావరకు తప్పుతుంది.

దేవుడు జంతువులను మనకు అప్పగించింది హింసించడానికి కాదు. వేరే దారి ఉన్నప్పుడు పరిశోధనలకు కోతులను వాడకూడదు. అవి ఇప్పటికే నేర్పిన పాఠాన్ని మాత్రం వృథా చేయకండి. గర్భం నిలవగానే బ్లడ్ గ్రూపు చూపించుకోండి. ఖర్చుకు వెనకాడి ఇంజక్షన్ మానుకోవద్దు.