గ్రీన్ సిగ్నల్ ఉన్నా రైలు ప్రమాదం ఎలా జరుగుతుంది? లోకో పైలట్‌కు ఆ లైట్లు ఏం చెబుతాయి?

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైల్లో వెళ్లేవారికి పులికాట్ పక్కనుంచి సాగే ఈ లైన్ బాగా పరిచయమే. 2024 అక్టోబరు 11 రాత్రి సుమారు ఎనిమిదిన్నరకు ఇదే లైన్‌లో, తడ దాటాక తమిళనాడు వైపున్న కవరైపెట్టైలో మైసూరు-దర్భంగా బాగ్మతి ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. పలువురు గాయపడ్డారు, ప్రాణనష్టం జరగలేదు. లోకో పైలట్ సిగ్నల్ దాటలేదు. ఆయనకు కనిపించింది గ్రీనే. మరి తప్పు ఎక్కడ జరిగింది?

రంగులకు అర్థం ఏమిటి?

రోడ్డు మీద సిగ్నల్ ఆ కూడలి గురించి మాత్రమే చెబుతుంది. రైల్వే సిగ్నల్ ముందున్న దారి గురించి కూడా చెబుతుంది. వేగంగా వెళ్లే రైలు ఆగడానికి దాదాపు కిలోమీటరు దూరం పడుతుంది. ఎదురుగా మరో రైలు కంటికి కనిపించాక బ్రేకు వేస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకే ముందుగానే హెచ్చరిక కావాలి.

- గ్రీన్: అనుమతించిన వేగంతో వెళ్లొచ్చు.
- రెండు పసుపు లైట్లు: వేగం తగ్గించుకోవడానికి సిద్ధంగా ఉండాలి.
- ఒక పసుపు: తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి.
- ఎరుపు: ఆగాలి.

స్టేషన్‌లో మెయిన్ లైన్ నుంచి పక్కనున్న లూప్ లైన్‌లోకి పంపేటప్పుడు హోమ్ సిగ్నల్‌పై పసుపు లైటుతో పాటు ఒక వరుసలో తెల్ల లైట్లు వెలుగుతాయి. అంటే రైలు పక్క లైన్‌లోకి మళ్లుతోంది, వేగం బాగా తగ్గించాలి అని. ప్రతి సిగ్నల్‌నూ లోకో పైలట్, అసిస్టెంట్ ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు.

కవరైపెట్టైలో ఏం జరిగింది?

రైలు మెయిన్ లైన్‌లో నేరుగా వెళ్లిపోవడానికి సిగ్నల్ ఇచ్చారు. స్టేషన్‌లోకి వస్తుండగా పెద్ద కుదుపు వచ్చి రైలు గంటకు 75 కిలోమీటర్ల వేగంతో లూప్ లైన్‌లోకి వెళ్లిందని రైల్వే తెలిపింది. పట్టాలు మళ్లే చోట ఉండే పాయింట్లు సరిగా అమరి, లాక్ అయితేనే గ్రీన్ వెలగాలి. ఈ ఏర్పాటునే ఇంటర్‌లాకింగ్ అంటారు. సిగ్నల్ ఒకటి చెప్పి పట్టాలు మరో దారి చూపిస్తే లోకో పైలట్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పాయింట్ల దగ్గర భాగాలను ఎవరో ఉద్దేశపూర్వకంగా తొలగించారని ఆ తర్వాతి విచారణలో రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు.

2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లాలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ కూడా ఇలాగే లూప్ లైన్‌లోకి వెళ్లింది. 290 మందికి పైగా చనిపోయారు. అక్కడ విద్రోహం కాదు, సిగ్నల్ సర్క్యూట్ పనుల్లో లోపాలే కారణమని విచారణలో తేలింది.

కంటకాపల్లి కథ వేరు

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి-అలమండ మధ్య విశాఖ-పలాస ప్యాసింజర్‌ను వెనుక నుంచి విశాఖ-రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. అక్కడ ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. అలాంటప్పుడు సిగ్నల్ దగ్గర 2 నిమిషాలు ఆగి, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదలాలి. వెనుక రైలు ఈ నిబంధన పాటించలేదని ప్రాథమిక విచారణ చెప్పింది.

‘కవచ్’ ఉంటే సరిపోతుందా?

లోకో పైలట్ ఎరుపును దాటబోతే తానే బ్రేకు వేసే వ్యవస్థ కవచ్. మనిషి పొరపాటుకు ఇది మంచి రక్షణ. కానీ గ్రీన్ వెలిగి, పాయింట్ దారి తప్పితే? రైలు నిబంధన ప్రకారమే వెళుతున్నట్టు కవచ్‌కూ అనిపిస్తుంది. ఆ ప్రమాదాన్ని ఆపాల్సింది పాయింట్లు, సర్క్యూట్ల నిర్వహణ, పట్టాల దగ్గర నిఘా. కవచ్ ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని అడిగినప్పుడు ఈ పనుల గురించి కూడా అడగాలి.

ఇక మీ వంతు

ఈసారి రైలు మధ్యలో ఆగితే విసుక్కోకండి, కిందికి దిగకండి. ముందు దారి ఇంకా ఖాళీ కాలేదని ఏదో సిగ్నల్ చెప్పి ఉండొచ్చు. పక్క లైన్‌లో రైలు రావొచ్చు కూడా. ఆ కొద్ది నిమిషాల ఆలస్యం మీ భద్రత కోసమే.