అడ్వాన్సు అడగటం అగౌరవం కాదు

భవానీపురంలోనూ, దానికి చేరువలోని విద్యాధరపురం, వన్‌టౌన్ వీధుల్లోనూ అచ్చుపని మీద బతికే చిన్న దుకాణాలు కనిపిస్తాయి. ఒక కంప్యూటరు, ఒక హీట్ ప్రెస్, గోడకు వేలాడే నమూనా టీ షర్టులు, బల్ల మీద పేర్లు అచ్చువేసిన కప్పులు. షాదీ కార్డులు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు, గుడ్డ సంచులు, బడిపిల్లల గుర్తింపు కార్డులు - అడిగినవారికి అడిగినట్టు చేసివ్వటమే వీరి వ్యాపారం. భర్త యంత్రం ముందు నిలబడితే భార్య మడతలు పెడుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లవాడు కట్టలు కడతాడు. ఈ పని మీద ఆధారపడిన కుటుంబాలు మనలోనూ ఉన్నాయి.

ఇటువంటి దుకాణాలను వెదుక్కుంటూ ఒక మోసం కొన్నేళ్ళుగా దేశమంతటా తిరుగుతున్నది. అది దొంగలా గోడ దూకి రాదు. పెద్ద ఆర్డరు రూపంలో, మర్యాదగా, ఫోనులో పలకరిస్తూ వస్తుంది.

ఉదాహరణకు ఇలా ఊహించుకోండి. మధ్యాహ్నం వేళ దుకాణంలో ఫోను మోగుతుంది. అవతలి వ్యక్తి హిందీలో మాట్లాడతాడు. తాను సైన్యంలోనో, విమానాశ్రయాల భద్రత చూసే సి.ఐ.ఎస్.ఎఫ్.లోనో అధికారినంటాడు. గన్నవరంలో తమ క్యాంపు ఉందంటాడు. ఆటల పోటీలకు 500 టీ షర్టులు కావాలి, నాలుగు రోజుల్లో ఇవ్వాలి. ఒక్కొక్కటి రూ. 230 అంటే బేరమాడకుండా సరేనంటాడు. మొత్తం రూ. 1,15,000. గుర్తింపు కార్డు, యూనిఫారంలో ఉన్న ఫోటో వెంటనే వాట్సాప్‌లో వస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మనకు ఆ హిందీ పరాయిదిగా తోచదు. మన పేరు విని అతడు సలాం చెప్పి 'భాయ్' అంటే మనసు మరింత మెత్తబడుతుంది.

సగం సొమ్ము అడ్వాన్సుగా పంపుతానంటాడు. అయితే తమ ఖాతాల పద్ధతి వేరు, ముందు మీ ఖాతాను సరిచూడాలి, పది రూపాయలు పంపమంటాడు. పంపితే ఇరవై తిరిగి వస్తాయి. నమ్మకం కుదురుతుంది. తరువాత రూ. 57,500కు ఒక క్యూఆర్ కోడ్ పంపి, దీన్ని స్కాన్ చేసి పిన్ నొక్కండి, డబ్బు మీ ఖాతాలో పడుతుందంటాడు. పిన్ నొక్కిన మరుక్షణం ఖాతాలోని డబ్బు అతనికి వెళ్ళిపోతుంది. కంగారుపడి అడిగితే, పొరపాటు జరిగింది, ఇంకొక్కసారి చేయండి, రెండూ కలిపి తిరిగి వస్తాయంటాడు. మొదటిది దక్కించుకోవాలన్న ఆత్రంలో రెండవది కూడా పోగొట్టుకుంటాం.

ఇది ఒక పద్ధతి మాత్రమే. డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ పంపి సరుకు ఎత్తుకుపోవటం మరొకటి. బ్యాంకు నుంచి వచ్చినట్టే ఉండే దొంగ మెసేజి పంపి, పొరపాటున ఎక్కువ పడింది, మిగిలినది తిరిగి పంపండి అనటం ఇంకొకటి. లారీ ఆఫీసు ఖర్చు మీరు కట్టండి, బిల్లులో కలిపి ఇస్తామని చెప్పి ఆ ఖర్చు తమ మనిషి ఖాతాకే వేయించుకోవటం, సరఫరాదారుగా నమోదు కావాలంటే డిపాజిట్ కట్టాలని పేరున్న కంపెనీ ముద్రతో కాగితం పంపటం కూడా ఉన్నాయి. వేషాలు వేరైనా మూలం ఒక్కటే: డబ్బు ఇవ్వవలసినవాడు మన చేతనే డబ్బు కట్టిస్తాడు.

అచ్చుపనివారికి ఇందులో నష్టం రెండింతలు. కిరాణా కొట్టులో ఒకరు వద్దన్న బియ్యం మరొకరికి అమ్ముకోవచ్చు. కానీ ఏదో సంస్థ పేరు, ఏదో తేదీ అచ్చయిన 500 టీ షర్టులు ఎవరు కొంటారు? తెల్ల టీ షర్టు ఒక్కొక్కటి రూ. 150 చొప్పున అరువు తెచ్చినా రూ. 75,000 హోల్‌సేల్ కొట్టుకు బాకీ. డబ్బు పోయిన తరువాత కూడా ఆ బాకీ నిలిచే ఉంటుంది. అది తీర్చటానికి ఇంట్లో బంగారం తాకట్టుకు వెళుతుంది.

ఇది అత్యాశకు పడిన శిక్ష అని కొందరు తేలికగా అంటారు. అది న్యాయం కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలోని ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అటువంటి దెబ్బ తిని, నీరు చేరిన యంత్రాన్ని బాగుచేయించుకుని, మళ్ళీ మొదలుపెట్టినవానికి లక్ష రూపాయల ఆర్డరు అత్యాశ కాదు, ఆశ. మోసగాడు పెట్టుబడిగా వాడుకునేది ఆ ఆశనే. దానితోపాటు మన మొహమాటాన్ని కూడా.

అవును, మొహమాటమే. పెద్దమనిషిని అడ్వాన్సు అడిగితే ఏమనుకుంటాడో, కాగితం రాయమంటే అనుమానించామనుకుంటాడో, ఇంకొకచోట విచారిస్తే ఆర్డరు చేజారిపోతుందేమో అని మన వర్తకులు జంకుతారు. కానీ దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏది? బఖరా సూరాలోని 282వ ఆయత్. అది అప్పు లావాదేవీలను రాతలో పెట్టుకోవటం గురించి, సాక్షులను ఉంచుకోవటం గురించి చెబుతుంది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయటానికి విసుగు చెందవద్దని కూడా బోధిస్తుంది. రాత అనుమానానికి గుర్తయితే అల్లాహ్ దానిని విశ్వాసులకు ఆదేశించేవాడా? రాసుకోవటం ఇద్దరికీ రక్ష. దానికి నొచ్చుకునేవాడు నిజాయితీ గల కొనుగోలుదారు కాడు.

మనవాడిలా మాట్లాడాడు కదా అని నమ్మటం కూడా పొరపాటే. 2023 ఏప్రిల్ చివరలో హర్యానాలోని నూహ్ జిల్లాలో దాదాపు 5,000 మంది పోలీసులు 14 గ్రామాలను చుట్టుముట్టి ఇటువంటి సైబర్ ముఠాలను పట్టుకున్నారు. దేశవ్యాప్తంగా సుమారు 28 వేల మంది నుంచి 100 కోట్ల రూపాయలకు పైగా దోచారని పోలీసులు ప్రకటించారు. నూహ్ ముస్లింలు అధికంగా నివసించే జిల్లా. ఈ మాట చెప్పటానికి సంకోచించవలసిన పని లేదు. అక్కడ కష్టపడి బతికే లక్షలాది మందికి ఈ ముఠాలు తెచ్చిపెట్టింది చెడ్డపేరే. జార్ఖండ్‌లోని జాంతారా పేరు కూడా ఇటువంటి నేరాల వల్లనే దేశమంతా తెలిసింది. మోసానికి మతం లేదు, భాష లేదు. సలాం విని బదులు చెప్పండి. ఆర్డరు మాత్రం లెక్క చూసి తీసుకోండి.

అయితే ఏం చేయాలి? నాలుగు మాటలు ప్రతి దుకాణదారు గుర్తుంచుకోవాలి.

ఒకటి: డబ్బు పంపటానికే గాని, తీసుకోవటానికి యు.పి.ఐ. పిన్ అవసరం లేదు. తీసుకోవటానికి కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. ఈ ఒక్క మాట ఇంట్లో ఫోను వాడే ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి.

రెండు: అడ్వాన్సు అందేదాకా తెల్ల సరుకు కొనవద్దు. అందిందా లేదా అన్నది స్క్రీన్‌షాట్ చూసి గాని, మెసేజి చూసి గాని కాదు, మన బ్యాంకు ఖాతాలో నిలువ చూసి తేల్చుకోవాలి. చెక్కు జమకు వేసినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు, అది చెల్లిన తరువాతే వచ్చినట్టు. కనీసం తెల్ల సరుకు ఖరీదుకు సరిపోయేంత అడ్వాన్సు ఉండాలి.

మూడు: కంపెనీ పేరు చెబితే జి.ఎస్.టి. నంబరు అడగండి. అది 15 అక్షరాలది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే 37తో, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. జి.ఎస్.టి. పోర్టల్‌లో అది ఎవరిదో ఎవరైనా చూడవచ్చు. కానీ మోసగాడు నిజమైన కంపెనీ నంబరునే వాడవచ్చు. అందుకని అతడిచ్చిన ఫోనుకు కాకుండా, మనం విడిగా సంపాదించిన ఆ కంపెనీ ఆఫీసు ఫోనుకు చేసి అడగాలి.

నాలుగు: ఎంత తొందరపెడితే అంత ఆగండి. ఇప్పుడే, ఈ నిమిషంలోనే అన్నచోట ఫోను పెట్టేసి ఇంట్లోవారితోనో, పక్క దుకాణదారుతోనో ఒక మాట చెప్పండి. మోసగాడు మనల్ని ఫోను పెట్టనివ్వకుండా మాట్లాడేది ఆ ఒక్క మాట చెప్పనివ్వకుండా ఉండటానికే.

ఇంత చేసినా మోసపోతే? వెంటనే 1930కి ఫోను చేయాలి. 2021లో 155260 నంబరుతో మొదలై తరువాత 1930గా మారిన ఈ జాతీయ సహాయ కేంద్రం, ఫిర్యాదు అందగానే బ్యాంకులకు తెలియజేసి డబ్బును దారిలోనే ఆపటానికి ప్రయత్నిస్తుంది. డబ్బు ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది గనుక ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. మన బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పాలి. మనమే పిన్ నొక్కి పంపిన డబ్బును మన ప్రమేయం లేకుండా పోయిన డబ్బుతో సమానంగా బ్యాంకులు చూడవు. కాబట్టి ఆలస్యం మరింత చేటు. ఫోను నంబర్లు, వాట్సాప్ మాటలు, లావాదేవీ నంబరు చెరపకుండా దాచాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చునని 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతున్నది. మీ పరిధి కాదని తిప్పి పంపితే ఈ మాట గుర్తుచేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మోసపోయినవాడు సిగ్గుతో నోరు మూసుకుంటాడు. భార్యకు చెప్పడు, అన్నదమ్ములకు చెప్పడు. ఆ మౌనంలో విలువైన గంటలు గడిచిపోతాయి. అదే గొంతు మరునాడు పక్క వీధి దుకాణానికి ఫోను చేస్తుంది. మోసపోవటం పాపం కాదు, మోసం చేయటం పాపం. ఆ తేడా మన ఇళ్ళలో స్పష్టంగా ఉంటే బాధితుడు వెంటనే నోరు విప్పుతాడు. డబ్బు పోగొట్టుకుని ఇంటికి వచ్చినవానికి మొదట వినిపించవలసింది దెప్పిపొడుపు కాదు, 1930కి ఫోను చేశావా అన్న ప్రశ్న.

భవానీపురం వర్తకులు, మసీదు కమిటీల పెద్దలు ఒక చిన్న పని చేయగలరు. అచ్చుపని దుకాణాలవారంతా ఒకచోట కూర్చుని, సగం అడ్వాన్సు లేనిదే ఎవరమూ పెద్ద ఆర్డరు మొదలుపెట్టబోమని ఒక కట్టుబాటు చేసుకోవాలి. ఆ మాట ప్రతి దుకాణంలో బోర్డు మీద కనపడాలి. బోర్డు రాయటానికి వేరెవరినీ వెదకనక్కరలేదు, అచ్చువేసేవారు మనలోనే ఉన్నారు. అందరూ అడిగినప్పుడు ఒక్కరికి మొహమాటం ఉండదు. నిజమైన కొనుగోలుదారు ఆ బోర్డు చూసి డబ్బు కడతాడు. దొంగ ఫోను పెట్టేస్తాడు.