బ్యాటరీది తప్పు కాకపోవచ్చు!

పండక్కి ఊరెళ్లి నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి ఇంటి దగ్గరున్న పాత కారు మొరాయిస్తుంది. తాళం తిప్పితే 'టిక్‌... టిక్‌' తప్ప స్పందన ఉండదు. చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ వేయిస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ!

అసలు దొంగ వేరే ఉండొచ్చు. డిక్కీలో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు చాలు, 35 ఆంపియర్‌-అవర్‌ బ్యాటరీని నాలుగు రోజుల్లోపే ఖాళీ చేస్తుంది.

దాన్ని పట్టుకోవడానికి మల్టీమీటరు ఉంటే చాలు. ఇంజిన్‌ ఆపి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ నెగెటివ్‌ తీగ ఊడదీయాలి. ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల దగ్గర ఉంచి కలపాలి. అలా ఉండగా స్టార్ట్‌ చేయకూడదు. 50 మిల్లీ ఆంపియర్లలోపు చూపిస్తే భయం లేదు. మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడాలి. ఏది తీయగానే అంకె పడిపోతుందో లోపం ఆ లైనులోనే. ఏది తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్‌ డయోడ్లనూ, విడిగా వైరు లాగి బిగించిన స్టీరియో లాంటివాటినీ మెకానిక్‌కు చూపించాలి.

ఒక్క జాగ్రత్త... ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో పెద్దదో, రాగి తీగో పెట్టొద్దు. ఫ్యూజు కాలితే పోయేది కొద్ది రూపాయలే. అది కాలకపోతే వైరింగే అంటుకుంటుంది!