ఎల్‌కేజీకి రెండు పూటలెందుకు?

ఏటా మార్చి మధ్యలో తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండలు ముదిరాయని ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. పొద్దున ఎనిమిదింటికి బడి, మిట్టమధ్యాహ్నానికి ఇల్లు. సరిగ్గా అప్పుడే ప్రైవేటు బడుల గేట్ల దగ్గర సణుగుడూ మొదలవుతుంది: ఫుల్ డే ఫీజు కట్టించుకుని హాఫ్ డేకే పంపేస్తున్నారని. సణిగేది తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులైతే పోనీలే అనుకోవచ్చు. ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులదీ అదే పాట. నాలుగేళ్ల పిల్ల మూడు గంటలు ముందు ఇంటికొచ్చి ఆడుకుంటే చదువు పాడైపోయిందట!

ఈ నమ్మకం నగరాల్లో పుట్టి మండల కేంద్రాల దాకా పాకింది. పిల్లల్ని పన్నెండింటికి వదిలేసే బడిని జనం బడిగానే లెక్కచేయరు. పసుపు వ్యాను పొద్దున్నే ఎక్కించుకుపోయి సాయంత్రం నాలుగింటికి దింపితేనే చదువు సాగుతున్నట్టు. అడ్మిషన్ల కౌంటరు దగ్గర అడిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: "ఇప్పట్నుంచే సిట్టింగ్ అలవాటు కావాలి కదండీ." నాలుగేళ్లవాడికి కూర్చోవడం నేర్పడానికి ఏడాదికి వేలకు వేలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి నేరుగా అడ్డు చెబుతున్నాయి. మూడు నాలుగేళ్ల పిల్లల్ని ఏకబిగిన గంటకు మించి కదలకుండా కట్టిపడేయకూడదు. ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదు. రోజు మొత్తం మీద వాళ్లు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలి, పగటి కునుకుతో కలిపి పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలి.

ఈ నిద్ర లెక్క ఒకసారి వేసి చూస్తే ఫుల్ డే బండారం బయటపడుతుంది. ఎనిమిదింటికి వ్యాను రావాలంటే పిల్లని ఆరున్నరకి లేపాలి. రాత్రి పదకొండు గంటల నిద్ర పట్టాలంటే ఏడున్నరకల్లా పడుకోబెట్టాలి. ఏ తెలుగింట్లో జరుగుతుందది? నాన్న ఇంటికొచ్చేదే ఎనిమిదిన్నరకి. తర్వాత అన్నం, టీవీలో సీరియల్, నాన్నతో కాసేపు అల్లరి. పదింటికి గానీ దీపం ఆరదు. అంటే రాత్రి నిద్ర ఎనిమిదిన్నర గంటలు. ఆ లోటు పూడేది మధ్యాహ్నం కునుకుతోనే. ఆ కునుకునే బడి లాగేసుకుంటోంది, పైగా అందుకు రసీదు కూడా ఇస్తోంది.

లాక్కున్న ఆ మధ్యాహ్నాన్ని ఏం చేస్తారో చూడాలంటే ఒంటిగంటన్నర వేళ ఏదైనా యూకేజీ గదిలోకి తొంగిచూస్తే చాలు. లంచ్ బాక్సుల వాసన ఇంకా పోదు. సగం మంది పిల్లలు బల్ల మీద తల వాల్చేసి ఉంటారు. మిగిలినవాళ్లు నాలుగు గీతల కాపీలో పొద్దున రాసిన అక్షరాన్నే మళ్లీ దిద్దుతుంటారు. ఒక మూల ఏడుపు, ఇంకో మూల తడిసిన నిక్కరు, ఆయమ్మ కోసం కేకలు. నలభై డైరీల్లో హోంవర్కు రాస్తున్న మిస్ తలెత్తడానికి వీలుండదు. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ జీతం ఎంతో ఆ తల్లిదండ్రులకు తెలిస్తే ఫీజులో మిగతా సొమ్ము ఎటు పోతోందని అడిగేవారేమో. అక్షరాలు కుదురుగా పడేంత బలం ఇంకా చేరని వేళ్లతో రెండు పూటలా కర్సివ్ రాయిస్తారు. ఆ కాపీనే పేరెంట్స్ మీటింగులో బల్ల మీద పరిచి చూపిస్తారు. తల్లిదండ్రులు మురిసిపోతారు. ఈ వ్యవహారమంతా అసలు ఆ కాపీ కోసమే నడుస్తున్నట్టుంటుంది.

పూర్వం అక్షరాభ్యాసం అయిదో ఏట చేసేవారు. ఇప్పుడు మూడో ఏడు నిండకముందే బాసరలో పలక పట్టించి, మరుసటి సోమవారమే ప్లే స్కూల్లో దింపేస్తున్నారు. సంప్రదాయం అంటూ గుండెలు బాదుకునేవాళ్లు ఈ ఒక్క సంప్రదాయాన్ని మాత్రం మూటగట్టి అటకెక్కించారు.

ప్రభుత్వాలు చెప్పలేదా అంటే, చెప్పాయి. పూర్వ బాల్య విద్యకు కేంద్రం రూపొందించిన జాతీయ నాణ్యతా ప్రమాణాలు రోజుకు మూడు నాలుగు గంటల కార్యక్రమమని స్పష్టంగా రాశాయి. ముప్పై మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకునే జాగా, కునుకు తీయడానికి చోటు ఉండాలన్నాయి. ప్రీస్కూల్ పిల్లలకు రాత పరీక్షలు గానీ నోటి పరీక్షలు గానీ వద్దని ఎన్‌సీఈఆర్‌టీ చెప్పింది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ఈ వయసుకు సంచీయే అక్కర్లేదంది. 2022 అక్టోబరులో వచ్చిన ఫౌండేషనల్ దశ పాఠ్యప్రణాళిక మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు నిర్దేశించవద్దంది. అయినా జూన్‌లో యూకేజీ పుస్తకాల కట్టను మోయడానికి ఆటో మాట్లాడుకోవాలి. టై, బెల్టు, ఐడీ కార్డు సరేసరి.

అన్నిటికంటే ఒళ్లు మండించేది ఈ బడుల బోర్డుల మీది పేరు. విజయవాడ నుంచి వరంగల్ దాకా ఏ పేటలో చూసినా ఒక మాంటిస్సోరి బడి తగులుతుంది. మరియా మాంటిస్సోరి ఇటలీలో పుట్టిన వైద్యురాలు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ల తరబడి భారతదేశంలోనే ఉండిపోయి, ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఫుల్ డే బడులవాళ్లకు ఆవిడ పేరు మహా ఇష్టం. ఆవిడ బడి కూడా సాయంత్రం దాకా నడిచిందని ఎవరైనా వాదించవచ్చు. నడిచింది. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో, తల్లిదండ్రులు పనికి పోయిన పిల్లల కోసం తెరిచిన బాలగృహం అది. ఆవిడ తన పుస్తకంలో ఇచ్చిన వేళల పట్టికలో తొమ్మిది నుంచి నాలుగు దాకా ఉన్న మాట నిజమే. అయితే అందులో మధ్యాహ్నం ఏముంది? ఆటలు, అవీ వీలైతే ఆరుబయట. తర్వాత బంకమట్టి పని. ఆ తర్వాత పాటలు, వ్యాయామం, మొక్కల్నీ జంతువుల్నీ చూసుకోవడం. మధ్యాహ్నం పట్టికలో నాలుగు గీతల కాపీకి చోటు లేదు. ఇక్కడి బడులు ఆవిడ పేరు తీసుకున్నాయి, నాలుగు గంటల దాకా అన్న మాటా తీసుకున్నాయి, నడుమ ఉన్న మట్టినీ మొక్కల్నీ వదిలేశాయి. కొన్నిచోట్ల ఆవిడ రూపొందించిన చెక్క పరికరాలు ప్రిన్సిపాల్ గది బీరువాలో తాళంలో ఉంటాయి, విరుగుతాయని.

మాంటిస్సోరి దూరమనుకుంటే గిజుభాయి బధేకా ఉన్నాడు. వకీలు వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టినవాడు. ఆయన 'దివాస్వప్నం' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. అందులో ఒక పంతులు పుస్తకాలు పక్కనపెట్టి కథలతో మొదలుపెడతాడు. తెలుగు రాష్ట్రాల బీఈడీ కాలేజీల్లో ఆయన పేరు ఒక మార్కు ప్రశ్న.

ఫుల్ డే వాదులకు అమెరికా మోజు ఎక్కువ. డాలస్‌లో అన్నయ్య పిల్లలు పొద్దంతా బడిలోనే ఉంటారట, అందుకే అంత చురుకట. అమెరికాలోనే 2010లో హారిస్ కూపర్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసింది. ఫుల్ డే కిండర్‌గార్టెన్ పిల్లలకు ఏడాది చివర్లో కొంత పైచేయి కనిపించింది, మూడో తరగతికి వచ్చేసరికి అది దాదాపు మాయమైంది. టెనెసీ రాష్ట్రంలో పేదింటి నాలుగేళ్ల పిల్లల కోసం నడిచిన ప్రభుత్వ ప్రీ-కే బడుల కథ ఇంకా చేదు. సీట్లకు మించి దరఖాస్తులు రావడంతో లాటరీ తీశారు. సీటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ, దాదాపు మూడు వేల మందిని, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. 2022లో వెలువడిన ఫలితం: ఆరో తరగతికి వచ్చేసరికి సీటు వచ్చిన పిల్లలే పరీక్షల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులు వాళ్ల మీదే ఎక్కువ వచ్చాయి. ఫిన్లాండ్‌లో ఆరేళ్ల పిల్లలకు 2015 నుంచి ప్రీప్రైమరీ తప్పనిసరి చేశారు, కానీ ఏడాదికి 700 గంటలే. పనిదినాలతో భాగిస్తే రోజుకు నాలుగు గంటలు కూడా నిండవు. అసలు బడి ఏడో ఏట. ఆ పిల్లలు పెద్దయ్యాక అంకెలు మరిచిపోయిన దాఖలాలేవీ లేవు.

మరి ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ల మాటేమిటి? వాళ్ల ఇబ్బంది నిజం. అత్తగారు ఊళ్లో, అమ్మ ఇంకో ఊళ్లో, పన్నెండున్నరకి ఇంటికొచ్చే పిల్లని ఎవరు చూడాలి? వాళ్లకు కావలసింది పిల్ల క్షేమంగా ఉండే చోటు. దాన్ని చదువు పేరుతో అంటగట్టడమే మోసం. చిత్రమేమిటంటే, ఆ పని ఎంతో కొంత చేస్తున్న చోటును జనమే ఎగతాళి చేస్తారు. "అంగన్‌వాడీలో ఏముంది, తినిపించి పడుకోబెడతారు" అంటారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన, ఈ అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మీద వేయదగిన నిందలు చాలానే ఉన్నాయి. అద్దె గదులున్నాయి, టీచర్ల నెత్తిన సర్వేల బరువుంది, వాళ్లకిచ్చే గౌరవ వేతనం ఉంది. పిల్లలకు గుడ్డు పెట్టి, అన్నం పెట్టి, చాప మీద పడుకోబెట్టడం మాత్రం ఆ నిందల్లో చేరదు. నెలనెలా ఫీజు కట్టించుకునే బడి ఆ పాటి కూడా చేయడం లేదు.

తల్లుల కోసం చట్టాలు లేకపోలేదు. ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే కర్మాగారంలో శిశు సంరక్షణ గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే అంది. 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ క్రెష్ తప్పనిసరి చేసింది, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. పెద్ద ఐటీ కంపెనీల సంగతి సరే, పొద్దుగూకులూ నిలబడి చీరలు మడతపెట్టే సేల్స్ అమ్మాయిల బిడ్డలకు నాలుగంతస్తుల బట్టల దుకాణాల్లో ఆ గది ఎక్కడుందో వెతకాలి. ఖర్చు ఎవరు భరించాలి, తనిఖీ ఎవరు చేయాలి అన్నది కార్మిక శాఖా, మహిళా శిశు సంక్షేమ శాఖా కూర్చుని తేల్చాలి. అంగన్‌వాడీలకు క్రెష్‌లు జోడించే కేంద్ర పథకం పాల్నా ఉంది, దాన్ని పేటపేటకూ తేవచ్చు. ఈలోగా ప్రైవేటు బడులు చేయగలిగేది ఒకటుంది. యూకేజీ దాకా పన్నెండున్నరకి పుస్తకాలు మూసేయాలి. తర్వాత ఉండే పిల్లల ఫీజు వేరుగా రాసి, క్రెష్ అని పేరు పెట్టి, గాలి ఆడే ఒక గది, చాపలు, ఇద్దరు ఆయమ్మల్ని చూపించాలి.