మోదుగ పువ్వు కూడా కెమిస్ట్రీ పాఠమే



మన గూడేల్లో, పెంటల్లో పదో తరగతి గట్టెక్కిన పిల్లలు కూడా ఇంటర్‌లో సైన్స్ గ్రూపు అంటే జంకుతున్నారు. అందులో కెమిస్ట్రీ అంటే మరీ భయం. పిల్లలకు తెలివి లేక కాదు, పాఠం వాళ్లకు పరాయిదిగా కనిపించడం వల్లే ఈ భయం అని మేము నమ్ముతున్నాం.

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆమ్లాలు, క్షారాల పాఠం తీయండి. సహజ సూచికలంటూ పసుపు, ఎర్ర క్యాబేజీతో పాటు హైడ్రాంజియా, పెటునియా, జెరేనియం పూల పేర్లు ఇచ్చారు. నల్లమల పిల్ల ఆ పూలను ఎక్కడ చూస్తుంది? శివరాత్రి రోజుల్లో శ్రీశైలం అడవిలో విరగబూసే మోదుగ ఏమైంది? మోదుగ పూలు మరిగించిన నీళ్లలో కాస్త సున్నపు తేట కలిపితే పసుపు రంగు ముదిరి నారింజకు తిరుగుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ తేలికపడుతుంది. ఆమ్లం, క్షారం అంటే ఏమిటో కళ్లముందే తేలిపోతుంది.

ఇలాంటివి మన దగ్గర ఎన్ని లేవు! కరక్కాయ నానిన నీళ్లలో తుప్పు మేకు వేస్తే నల్లబడుతుంది. కాయలోని టానిన్లు ఇనుముతో కలవడమే కారణం, పూర్వం సిరా చేసిందీ ఇలాగే. కుంకుడు నురగలో ఉన్నది సపోనిన్లు. తపసి బంక నీళ్లలో కరగకుండా ఉబ్బుతుంది, కొల్లాయిడ్ల పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ ఏముంది? బురద నీళ్లలో చిల్ల గింజ అరగదీస్తే మట్టి కిందికి దిగుతుంది. అయితే తేటపడిన నీళ్లలోనూ క్రిములుంటాయి, తాగాలంటే కాచాల్సిందే. ఆ తేడా చెప్పడం కూడా కెమిస్ట్రీయే.

ఇక్కడ పెద్దవాళ్ల అవసరం ఉంది. చిల్ల చెట్టు, విషమున్న ముష్టి చెట్టు ఒకే కుటుంబానివి. ఏ గింజ ఏదో గుర్తుపట్టేది మన తాతలు, అవ్వలే. నెలకొకసారైనా వాళ్లను క్లాసుకు పిలవాలి, గౌరవంగా కూర్చోబెట్టాలి, ఆ రోజుకు గౌరవ వేతనం ఇవ్వాలి.

ప్రపంచం కూడా ఈ దారిలోకే వస్తోంది. 1998లో పాల్ అనాస్టస్, జాన్ వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు రాశారు. మొదటిది ఇదే: వ్యర్థం పుట్టాక శుభ్రం చేయడం కంటే పుట్టకుండా చూడటం మేలు. పరీక్షనాళిక నిండా యాసిడ్ పోసే బదులు, వాడేసిన మాత్రల అట్ట గుంటల్లో నాలుగైదు చుక్కలతో రంగు మార్పు చూడొచ్చు. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, వాగులోకి పోయే మందూ తక్కువ. పూలు కూడా రాలినవే ఏరుకుందాం, కొమ్మలు విరవొద్దు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. "మీకు అడవే ల్యాబ్" అని చెప్పి అసలు ల్యాబ్ ఎగ్గొడితే ఒప్పుకోం. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్, పిపెట్ పట్టుకోవాలి. అక్కడ మోదుగ పువ్వు మార్కులు వేయదు. పట్నం పిల్లలకు గాజు సామాను, మనకు ఆకులు అలములు అన్నది హరిత విద్య కాదు, వివక్ష. మనకు రెండూ కావాలి. అడవితో అర్థం చేసుకుని, ల్యాబ్‌లో కొలవడం నేర్చుకోవాలి.

అందుకే మనం అడగాల్సినవి మూడు. శ్రీశైలం ఐటీడీఏ పరిధిలోని ప్రతి గిరిజన హైస్కూల్లో తాళం తీసి వాడే ల్యాబ్ ఉండాలి. మన అటవీ సరుకులతో ప్రయోగాల చిన్న పుస్తకం తెలుగులో రావాలి. 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొంటున్న జీసీసీ, బంక, తేనె నాణ్యత ఎలా చూస్తారో పిల్లలకు చూపించాలి. తేమ, మలినాలు ఎలా లెక్కగడతారో తెలిసిన పిల్ల రేపు తన తల్లి తెచ్చిన బంకకు సరైన ధర అడగగలదు.

మీ ఊళ్లో వాడే ఆకు, కాయ, బెరడు ఏదైనా పాఠంగా మారుతుందనిపిస్తే కింద రాయండి. స్థానిక పేరు, అది చెప్పిన పెద్దల ఊరు తప్పకుండా రాయండి. ఈ జ్ఞానం వాళ్లదే, ఆ సంగతి పుస్తకంలోనూ ఉండాలి.