టెక్కు ఎవరిది?

గొప్పలు పోయేవాడిని వెక్కిరించడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. టెక్కు, నిక్కు, నీలుగుడు, డాబు, దర్పం, డంబం, బడాయి, మిడిసిపాటు, భేషజం. ఇవి చాలవని ఇంగ్లీషు నుంచి పోజు అనే మాట కూడా తెచ్చుకుని సొంతం చేసుకున్నాం. ఇన్ని మాటలున్నాయంటే వాటి అవసరం కూడా అంతగా వుండే వుంటుంది. డబ్బున్నవాడు డాబు పోతాడు, అధికారం వున్నవాడు దర్పం చూపిస్తాడు. అనుభవం మీద లోకం కూర్చుకున్న మాటలు ఇవి. వీటితో నాకేమీ పేచీ లేదు. నా పేచీ అల్లా ఇప్పుడు వీటిని ఎవరి మీద ప్రయోగిస్తున్నారన్న దాని గురించే.

ఒకాయన సాయంకాలం పూట కళాభారతిలో కచేరీకి వెళ్ళాడనుకోండి. ఒకావిడ బస్సులో కూర్చుని మనుచరిత్ర తీసి చదువుకుంటోందనుకోండి. ఇంకొకాయన ఆదివారం మధ్యాహ్నమంతా చదరంగం బల్ల ముందు తల పట్టుకుని కూర్చున్నాడనుకోండి. వీళ్ళు ఎవరి జోలికీ పోలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. అయినా పక్కింటివారు చిన్న నవ్వొకటి నవ్వి, “అబ్బో! వారి తరహాయే వేరులెండి” అంటారు. తంటా అంతా ఆ “అబ్బో”లో వుంది.

మొన్న గాజువాకలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. మేం విస్తళ్ళ ముందు కూర్చునే వేళకి సన్నాయి ఆయన ఒక రాగం ఎత్తుకున్నాడు. మా తోడల్లుడుగారు అన్నం కలుపుతూ, “కల్యాణి! బాగా పట్టాడు” అన్నారు. అదీ తనలో తాను అనుకున్నట్టే అన్నారు. మా బావమరిది ఊరుకున్నాడా?

“ఏటి బావగారూ, పప్పన్నం దగ్గిర కూడా పాండిత్యమేనా?” అన్నాడు. బంతిలో వారంతా నవ్వారు. పాపం, ఆయన కూడా నవ్వి, పెరుగు వడ్డించేదాకా మరి నోరెత్తలేదు.

ఆ తరవాత పావుగంటసేపు మా బావమరిది క్రికెట్టు గురించి ఉపన్యసించాడు. ఏ ఆటగాడు ఏ సంవత్సరం ఏ వూళ్ళో ఎన్ని పరుగులు తీశాడో తడుముకోకుండా చెప్పుకుపోయాడు. అందరూ నోరు తెరుచుకు విన్నారు. ఎవరూ “పాండిత్యమా?” అనలేదు. డెబ్బైరెండు మేళకర్తలు గుర్తుంచుకున్నా, వందమంది ఆటగాళ్ళ లెక్కలు గుర్తుంచుకున్నా రెండూ జ్ఞాపకశక్తే, రెండూ ఇష్టమే. ఒకటి సరదా అయింది, ఇంకొకటి టెక్కు అయింది. ఎందుకయింది?

నిప్పు లేనిదే పొగ రాదు. ఆ నిప్పు సంగతి కూడా చెప్పుకోవాలి. కచేరీలో తాళం వేసేవారు రెండు రకాలు. ఒక రకం వారి చెయ్యి తొడ మీద దాని పని అది చేసుకుపోతూ వుంటుంది, కళ్ళు వేదిక మీద వుంటాయి. రెండో రకం వారి చెయ్యి గాలిలో వుంటుంది, కళ్ళు పక్కవరస మీద వుంటాయి. తాము వేస్తున్న తాళం ఎవరెవరు చూస్తున్నారో చూసుకోవడంలో వారికి అసలు పాట వినడానికి తీరికే దొరకదు. పద్యం చదివి, “మీకు అర్థం కాదులెండి” అని అర్థం చెప్పకుండా వదిలేసేవారూ ఈ రెండో రకంలోని వారే. టెక్కు అన్న మాట వీరి కోసమే పుట్టింది. వీరిని ఆ మాట అంటే నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం ఎక్కడంటే, వీరు చేసిన పాపానికి శిక్ష పాటకీ పద్యానికీ పడుతున్నది. అవి ఏదో పెద్దవారి సొత్తు అనీ, మనలాంటి వారు వాటి దగ్గిరికి వెళితే వేషం అనీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకం ఎంత అబద్ధమో మన ఉత్తరాంధ్ర చరిత్రే చెబుతుంది.

విజయనగరం మనకి కూతవేటు దూరం. అక్కడ 1919లో విజయరామ గజపతి మహారాజా సంగీత కళాశాల పెట్టించారు. కళ్ళు లేని ఒక కుర్రవాడి సంగీతాభిలాష తీర్చడానికే దాన్ని పెట్టించారని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ఆయన ఎంత పండితుడో అంత జనం మనిషి. కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పడానికి నిలబడితే వూరు వూరంతా కూర్చునేది. ఆ జనంలో రాగం పేరు తెలిసిన వారెందరు? పేరు తెలియకపోయినా తెల్లవార్లూ విన్నారు గదా! ఆ కళాశాలలోనే ఘంటసాల వెంకటేశ్వరరావు చదువుకున్నారు. తిండికి జరగక జోలె పట్టి ఇంటింటా మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గిర పాట నేర్చుకున్నారు. తెలుగువాడు రిక్షా తొక్కుతూ, నాట్లు వేస్తూ, ఓడల సరుకు మోస్తూ పాడుకున్న సినిమా పాటల వెనక వున్నది ఆ శాస్త్రీయ సంగీతమే. అది నేర్చినవాడు జోలె పట్టిన పేదవాడు. శాస్త్రీయ సంగీతం గొప్పవారి వ్యసనం అనేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

పద్యం మాటకొస్తే చెప్పనే అక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారంటే చుట్టుపక్కల వూళ్ళవారు బళ్ళు కట్టుకుని వచ్చేవారు. పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణుడి వేషంలో పద్యం ముగించగానే “వన్స్‌మోర్” అని కేకలు పడేవి. ఆ కేకలు వేసినవారిలో అక్షరం ముక్క రానివారు ఎందరో. వారికి యతి ప్రాసల లక్షణం తెలియదు. తప్పు పాడితే మాత్రం చెవికి తెలిసేది. పద్యాన్ని అటక మీద పెట్టి నిచ్చెన తీసేసింది ఆ తరవాతి కాలం. వారు కాదు.

అయితే మన గతమంతా తలుపులు బార్లా తీసిన ఇల్లేమీ కాదు. తాళాలు వేసినవారు ఎప్పుడూ వున్నారు. గుర్రం జాషువాగారి కథ చూడండి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి పద్యం చేతబట్టితే, “నీకెందుకు ఇది?” అన్నవారున్నారు. కులం పేరు చెప్పి సభల్లో అవమానించినవారున్నారు. ఆయన పద్యాన్ని వదల్లేదు. కాళిదాసు యక్షుడు మేఘుడితో కబురు పంపితే, ఈయన 1941లో అచ్చయిన ‘గబ్బిలం’లో అంటరానివాడి చేత గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపించారు. పెద్దల పద్ధతినే పట్టుకుని పెద్దలనే నిలదీశారు. చివరికి శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారే ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. జాషువాగారి శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో కలిసిపోయి, ఎవరు రాశారో తెలియని పల్లెలో కూడా మారుమోగాయి.

తాళం తీసినవారి పేర్లు మన వైపు కూడా వున్నాయి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో తొలిసారి ఆడారు, 1897లో అచ్చు వేశారు. అందులోని వాడుకభాషని ఆనాటి పండితులు గ్రామ్యం అన్నారు. ఈనాడు అదే పుస్తకం చేతిలో కనపడితే “అబ్బో, సాహిత్యం!” అంటున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు ఆయనకి తోడు నిలిచినవారిలో మన విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకరు. గిడుగువారికి పాత కావ్యాలు రాక ఆ పని చెయ్యలేదు. అవి క్షుణ్ణంగా వచ్చు కాబట్టే పండితుల తప్పులు పండితులకే ఎత్తి చూపించగలిగారు. ఆ తప్పులు పట్టిన పుస్తకానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పేరు పెట్టారు. భేషజమంటే మందు, భేషజమంటే టెక్కు కూడా. పాండిత్యం వుంటే ఏం చెయ్యాలో, దేన్ని వెక్కిరించాలో ఆ ఒక్క పేరులో వుంది.

మన వూరి రచయితలు ఆ దారినే నడిచారు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు ఇక్కడి వకీలు. ఆయన ‘అల్పజీవి’లో విమర్శకులు జేమ్స్ జాయిస్ పోకడలు చూశారు. అదే రచయిత తన కథల్లో ఇక్కడి పేటల్లోని బీదా బిక్కీ మాట్లాడుకునే భాషని యథాతథంగా దించారు. ఆరుద్రగారు ఈ వూళ్ళో పుట్టినవారే. సినిమా పాటలు రాశారు, అపరాధ పరిశోధక నవలలు రాశారు, చదరంగం మీద పుస్తకం రాశారు, సమగ్ర ఆంధ్ర సాహిత్యమూ రాశారు. ఒక చేతి పని ఇంకో చేతికి తక్కువనిపించలేదు. ఇక ఉక్కుకీ సాహిత్యానికీ ఏం చుట్టరికం అంటారా? 1992లో మన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన ప్రధాని పి.వి. నరసింహారావుగారు విశ్వనాథవారి ‘వేయిపడగలు’ హిందీలోకి అనువదించినవారు.

ఇంత చరిత్ర ఎందుకు తవ్వుతున్నానంటే, ఒక కుర్రవాడి కోసం. కొన్నేళ్ళ కిందట మా క్లాసులో వుండేవాడు. తండ్రి మరపడవ మీద వేటకి వెళ్ళే మనిషి. తాత వూళ్ళో నాటకాల్లో వేషాలు కట్టేవాడట. ఆ గొంతు మనవడికి వచ్చింది. ఒకనాడు క్లాసులో పద్యం చదవమంటే రాగయుక్తంగా ఎత్తుకున్నాడు. అరవైమంది పిల్లలు చప్పుడు చెయ్యలేదు. మర్నాటి నుంచి స్నేహితులు వాణ్ణి “శాస్త్రిగారూ” అని పిలవడం మొదలుపెట్టారు. కోపంతో కాదు, సరదాకే. నెల తిరిగేసరికి వాడు ముందు బల్ల వదిలి వెనక బల్లకి వెళ్ళాడు.

ఒక మధ్యాహ్నం చెట్టు కింద చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చున్నాడు. “ఏం వింటున్నావురా?” అన్నాను. “సినిమా పాట సార్” అని గబుక్కున ఫోను బోర్లించాడు. ఆ లోపలే నాకు కనపడింది. కాటిసీను పద్యాలు. ఆ వయసు పిల్లలు దాచుకునే వస్తువులు లోకంలో చాలా వున్నాయి. వీడు పద్యాన్ని దాచుకున్నాడు. ఎందుకురా అంటే తల వంచుకుని, “మనకెందుకు సార్ అవి, పోజు కొడుతున్నాడంటారు” అన్నాడు. డిగ్రీ పూర్తయింది, రేవులో మంచి ఉద్యోగమే దొరికింది. ఆ గొంతు మాత్రం మళ్ళీ మా క్లాసులో వినపడలేదు.

“మనకెందుకు” అన్న మాట గమనించండి. ఒకనాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దలు “నీకెందుకు?” అన్నారు. ఆ మాటకి కోపం వచ్చేది, ఆ కోపం జాషువాగారి చేత కావ్యం రాయించింది. ఈనాడు గుమ్మంలో నిలబడ్డవారు మన స్నేహితులు, మన బావమరుదులు. చేతిలో కర్ర లేదు, మొహాన నవ్వు వుంది. “అబ్బో” అని మాత్రం అంటారు. ఈ కాపలా ఇంకా గట్టిది. కుర్రవాడు తనంతట తానే “మనకెందుకు” అని వెనక్కి తిరిగిపోతాడు. టెక్కుగలవారిని వెక్కిరిస్తున్నాం అనుకుంటూ, టెక్కుగలవారు వేసిన తాళానికే మనం కావలి కాస్తున్నాం. పైగా దీనివల్ల గొప్పింటి పిల్లలకి పోయేదేమీ లేదు. వారింట్లో వీణ వుంటుంది, పుస్తకాల బీరువా వుంటుంది. ఎవరు నవ్వినా అవి ఎక్కడికీ పోవు. ఇంట్లో ఏదీ లేక, బయట వెతుక్కుంటూ వచ్చిన పిల్లవాడికే ఆ నవ్వు తగులుతుంది.

అంచేత రసికులతో ఒక మాట. మీకు తెలిసిన సంగతి పక్కవారికి ఓపికగా చెప్పండి. కచేరీకి వెళుతూ, ఎన్నడూ రాని ఒకరిని వెంటబెట్టుకు వెళ్ళండి. మీ మీది నింద సగం అక్కడే తీరుతుంది.

తక్కినవారితో ఇంకో మాట. ఈసారి మీ పక్కనున్నాయన ఏదో రాగం పేరు చెబితే “అబ్బో” అనకండి. “ఎలా గుర్తుపట్టారండీ?” అని అడగండి. నిజంగా టెక్కుగలవాడైతే ఆ ప్రశ్నకి విసుక్కుంటాడు, అప్పుడు ఎన్ని మాటలైనా అనండి. ఇష్టం వున్నవాడైతే మీ విస్తట్లో పులుసు చల్లారిపోయేదాకా చెబుతాడు. ఆ పాటి కష్టం ఓర్చుకోక తప్పదు మరి.