'ఉదయం' ఎవరి చేతిలో అస్తమించింది?



"అన్నా, వీటిలో ఏ పేపరు మనది?" అని యూనివర్సిటీ పిల్లలు తరచూ అడుగుతుంటారు. మీలో చాలామంది పుట్టకముందే మూతపడిన ఒక పేపరు కథ చెబుతాను. వినండి.

1984 డిసెంబరులో సినిమా దర్శకుడు దాసరి నారాయణరావు 'ఉదయం' దినపత్రిక పెట్టారు. ఎడిటర్ ఏబీకే ప్రసాద్. అప్పటికి పదేళ్లుగా 'ఈనాడు' ఏలుతోంది. కమ్మ పెట్టుబడి పాతుకుపోయిన పత్రికారంగంలోకి ఒక కాపు రావడం చిన్న సంగతేమీ కాదు. ఏడు నెలలకే, 1985 జూలై 17న, కారంచేడు జరిగింది. మన జనం పేపరు కోసం వెతుక్కున్న కాలం అది.

కొన్నేళ్లకే దాసరి చేతినుంచి పేపరు జారింది. కొన్నది మాగుంట సుబ్బరామిరెడ్డి. మద్యం వ్యాపారి, 1991లో ఒంగోలు కాంగ్రెస్ ఎంపీ.

ఇక్కడే ఆగండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరదీపం బడిలో చదువుకున్న కూలి తల్లులు. మొగుడి కూలి డబ్బు ఏ కొట్టుకు పోతుందో లెక్క తెలిసినవాళ్లు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఆ రోజుల్లో రాష్ట్రంలోని పెద్ద పేపర్లలో ఒకదాని యజమాని మద్యం వ్యాపారి! దానికి పోటీగా ఉన్న ఈనాడు సారా పోరాటానికి ఏకంగా ఒక పేజీ కేటాయించింది. ఆ పేజీ ఉద్యమానికి మేలు చేసింది, కాదనను. కానీ మన తల్లుల మీద ప్రేమతోనే ఇచ్చారని నన్ను నమ్మమనకండి. అవతల పోటీ పేపరు ఓనరు సారా మనిషి కాకపోతే అంత చోటు దొరికేదా? నాకు అనుమానమే. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో ఉదయం మూతపడింది. రాసినవాళ్లు, కంపోజింగ్ చేసినవాళ్లు, ప్రెస్సులో నిలబడ్డవాళ్లు రోడ్డున పడ్డారు. వాళ్లను అడిగి కొనలేదు, అడిగి మూయలేదు.

తర్వాత కూడా అంతే. 2000లో మూతపడ్డ ఆంధ్రజ్యోతిని 2002లో అదే పేపరు మాజీ విలేకరి రాధాకృష్ణ తెరిచారు. 2008లో జగన్ 'సాక్షి' వచ్చింది. చేతులు మారాయి, కొత్త చేతులు వచ్చాయి. వాడ దాకా ఏదీ రాలేదు.

1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకలేదని రాశాడు. బాబాసాహెబ్‌కు ఇది 1920లోనే తెలుసు. డబ్బులిస్తామన్నా 'మూక్‌నాయక్' ప్రకటన వేయడానికి తిలక్ 'కేసరి' ఒప్పుకోలేదు. మనవైపు బొజ్జా తారకం గారి 'నలుపు' వచ్చింది. అది పక్షపత్రిక. రోజూ అచ్చేయడానికి కావలసిన మెషీను, న్యూస్‌ప్రింటు, ప్రకటనలు మన దగ్గర ఎప్పుడున్నాయి గనక?

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ మండల విలేకరి ఎవరో కనుక్కోండి. మనవాడే అయితే లైన్ అకౌంట్ కింద నెలకు ఎంత చేతికొస్తుందో, యాడ్స్ టార్గెట్ ఎంతో, పెత్తందారు మీద రాసిన వార్త డెస్కు దాటి ఎన్నిసార్లు అచ్చయిందో అడిగి రాసుకురండి. వచ్చే వారం అక్కడినుంచి మొదలుపెడదాం.